కిడ్నీ మార్పిడి అయిన మనిషి పాదం మీద నల్ల బూజు గడ్డ: ముందు ముక్క, తర్వాత మందు

అమ్మా, మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది. నాన్నగారికి 58 ఏళ్లు. రాజోలు దగ్గర కొబ్బరి తోట. రెండున్నరేళ్ల కిందట కిడ్నీ మార్పిడి అయింది. కొత్త కిడ్నీ నిలబడటానికి టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నారు. మార్పిడి తర్వాత సుగర్ కూడా వచ్చింది. ఐదు నెలలుగా కుడి పాదం మీద ఉసిరికాయంత గడ్డ ఉంది, నొప్పి లేదు, జ్వరం లేదు. ఊళ్లో ఒకసారి కోసి చీము తీస్తే నెలన్నరకే మళ్లీ లేచింది. టౌన్లో ముక్క తీసి పంపితే "గోధుమ రంగు ఫంగస్ పోగులు కనిపించాయి, కల్చర్ చేయించండి" అని రిపోర్టు వచ్చింది. కానీ ముక్క మొత్తం ఫార్మలిన్ అనే ద్రవంలోకి వెళ్లిపోవడంతో కల్చర్, అంటే ఫంగస్‌ని ల్యాబ్‌లో మొలిపించి చూడటం, కుదరలేదు. ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టారు. ఈలోపు చుట్టాలెవరో బ్లాక్ ఫంగస్ అనేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. కాలు తీసేస్తారా, కిడ్నీ మందులు ఆపేయాలా అని అడిగారు.

ముందు ఆ రెండింటికీ జవాబు చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది కాలు తీసేసేదాకా వెళ్లే జబ్బులా లేదు. కిడ్నీ మందులు మాత్రం మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. తగ్గించాలో వద్దో, ఎంత తగ్గించాలో మార్పిడి చూసిన నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) గారే తేల్చాలి. బూజు మీద భయంతో మందులు మానేసి కొత్త కిడ్నీని పోగొట్టుకున్న ఇల్లు నాకు తెలుసు. గడ్డ చిన్నదే, జరిగిన నష్టం మాత్రం పెద్దది.

నేను గోదావరి డెల్టాలోనే 27 ఏళ్లు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసిన డాక్టర్ని. రోగికి మందు రాయడం నా పని కాదు. రోగి నుంచి వచ్చిన ముక్కలో ఏముందో చూసి పేరు చెప్పడం నా పని. అందుకే నా మాటలన్నీ ఆ ముక్క చుట్టూనే తిరుగుతాయి, ఏమీ అనుకోకండి.

2021లో జనాన్ని వణికించిన బ్లాక్ ఫంగస్ వేరు, నాన్నగారికి వచ్చింది వేరు. ఆ పేరే అందర్నీ పక్కదారి పట్టించింది. అప్పుడు వచ్చింది మ్యూకర్‌మైకోసిస్. ఆ ఫంగస్ అసలు నల్లగా ఉండదు. మైక్రోస్కోప్ కింద రంగు లేకుండా, వెడల్పుగా, మెలితిరిగిన రిబ్బన్ ముక్కల్లా కనిపిస్తుంది. మధ్యలో అడ్డగోడలు దాదాపు ఉండవు. అది రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. నెత్తురు అందని చోట కండ చచ్చి నల్లబడుతుంది. ముక్కులోనూ అంగిట్లోనూ కనిపించిన ఆ నలుపు చచ్చిన కండది. సుగర్ అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారితే, రక్తంలో కట్టుబడి ఉండాల్సిన ఇనుము విడిపోతుంది. ఈ ఫంగస్‌కి ఇనుమంటే ప్రాణం. దానికి తోడు కోవిడ్ కోసం పెద్ద మోతాదులో వాడిన స్టెరాయిడ్లు తెల్లకణాల చేతులు కట్టేశాయి. ఆ మే నెలలో ప్రతి కేసునూ ప్రభుత్వానికి తెలపాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఆ రోజుల్లో రాత్రి పదింటికి కూడా మా ల్యాబ్‌కి ముక్కులోంచి తీసిన ముక్కలు వస్తుండేవి. గంటలు లెక్కపెట్టుకుని పరిగెత్తాల్సిన జబ్బు అది.

మీ రిపోర్టులో గోధుమ రంగు పోగులు అన్నారు. తన ఒంట్లోనే నిజంగా నలుపున్న ఫంగస్ ఇదే. మన చర్మానికి, జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ దీని గోడల్లోనూ ఉంటుంది. ఎండ నుంచి, మన తెల్లకణాలు ప్రయోగించే విషాల నుంచి ఆ మెలనినే దాన్ని కాపాడుతుంది. ఇలాంటి ఫంగస్ చర్మం కింద చేరి పోగులుగా పెరిగితే వచ్చే జబ్బును ఫియోహైఫోమైకోసిస్ అంటారు. నోరు తిరగని పేరు. ఇంట్లో నల్ల బూజు గడ్డ అనుకోండి, సరిపోతుంది. ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. చాలామందిలో ఉన్నచోటే సంచి కట్టుకుని కూర్చుంటుంది.

ఎక్కడి నుంచి వచ్చిందని కూడా అడిగారు. ఆస్పత్రి నుంచి రాలేదు, ఎవరూ అంటించలేదు, నాన్నగారి నుంచి మీకెవరికీ అంటదు. ఈ బూజులు మట్టిలో, కుళ్లే ఆకుల్లో, తడిసిన చెక్కలో బతుకుతాయి. కోనసీమలో అవి లేని చోటు వెతకాలి. రాలిన మట్టలు, నానబెట్టిన పీచు, ఒలిచి గుట్టపోసిన డొక్కలు, ఎప్పుడూ ఆరని బోదెలు అన్నీ వాటికి ఇళ్లే. మనందరికీ ఏడాదికి పదిసార్లయినా పుల్లో ముల్లో గుచ్చుకుంటుంది. మామూలు మనిషికి లోపలికెళ్లిన నాలుగు బీజాల్నీ తెల్లకణాలు నాలుగు రోజుల్లో తేల్చేస్తాయి. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ పని ఏమిటంటే, కొత్త కిడ్నీని పరాయిదని పట్టుకోబోయే టీ కణాలనే తెల్లకణాల్ని జోకొట్టడం. జోకొట్టిన కాపలా కిడ్నీ దగ్గరే కాదు, పాదం దగ్గరా కునుకు తీస్తుంది.

ఊపిరితిత్తుల్లో కాకుండా కాళ్లకీ చేతులకీ ఎందుకొస్తుందో చెప్తాను. గుచ్చుకునేది ముందు అక్కడే కదా. ఇంకో సంగతి కూడా ఉంది. వీటిలో చాలా రకాలకి మన ఒంటి లోపలి 37 డిగ్రీల వేడి సరిపడదు. పాదం, మడమ, వేళ్లు ఆ మాత్రం చల్లగా ఉంటాయి. అందుకే అక్కడే కాపురం పెడతాయి. అన్నీ అలాంటివే కావు, ఆ మాట తర్వాత చెప్తాను.

కొన్నేళ్ల కిందట అమలాపురం వైపు నుంచి ఒకాయన ముక్క వచ్చింది. ఆయనకీ కిడ్నీ మార్పిడే, బొటనవేలి పక్కన గడ్డ. సర్జన్ గారు గడ్డని చిదమకుండా సంచితో సహా ఒలిచి సెలైన్ డబ్బాలో పంపారు. పెట్రీ డిష్‌లో పెట్టి బ్లేడుతో కోస్తే లోపల బెల్లం పాకం రంగులో చిక్కటి చీము. సంచి గోడలో అడ్డంగా ఒక నలుసు ఉంది, బియ్యపు గింజలో సగం ఉంటుంది. పటకారుతో మెల్లగా లాగితే ఊడి వచ్చింది. కొబ్బరి ఈనె ముక్క! ఆయన్ని పిలిచి చూపించాను. "ఆయ్, సంక్రాంతి ముందు చీపుళ్లు కడతంటే గుచ్చుకుందండి. అప్పుడే లాగేశాననుకున్నానండి, మర్చేపోయాను" అన్నారు. ఆపరేషన్ జరిగింది శ్రావణంలో.

ఆ చీము ఒక చుక్క స్లైడు మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ బొట్టు వేసి, అద్దం మూసి అరగంట ఆగాను. దాన్నే కేఓహెచ్ పరీక్ష అంటాం. మనిషి కణాలు కరిగి పలచబడ్డాక మిగిలింది ఫంగసే. టీ డికాషన్ రంగులో సన్నటి పోగులు, అడ్డగోడలు స్పష్టంగా, మధ్యమధ్యలో ఉబ్బి పూసల దండలా ఉన్నాయి. అందులో ఈస్టులాంటి గుండ్రటి కణాలూ ఉన్నాయి. రంగు వేయకుండానే గోధుమగా కనిపించాయంటే అది మెలనినే. ఈ పరీక్షకి పెద్ద ఖర్చు కాదు, గంటలో అయిపోతుంది. మిగతా ముక్కని ఫంగస్ మొలవడానికి వాడే సాబురాడ్ అగార్ మీద వేశాం. ఎనిమిదో రోజుకి కాటుక ముద్దలా తడిగా, నిగనిగలాడే నల్లటి చుక్కలు లేచాయి. మూడో వారానికి వాటి మీద బూడిద రంగు మఖమల్ లాంటి నూగు వచ్చింది, సీసా వెనక్కి తిప్పితే నల్ల సిరా ఒలికినట్టు ఉంది. ఎక్సోఫియాలా అనే రకం. గడ్డని మొత్తంగా తీశారు, పేరు తెలిసింది, దానికి తగ్గ మందు కొన్ని నెలలు వాడారు. మళ్లీ రాలేదు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ఆ రోజు ముక్క సెలైన్‌లో వచ్చింది కాబట్టే ఇదంతా కుదిరింది. ఫార్మలిన్ ముక్కని కుళ్లకుండా కాపాడుతుంది, అందులోని ఫంగస్‌ని మాత్రం చంపేస్తుంది. చచ్చినదాన్ని ఎంతటి ల్యాబూ మొలిపించలేదు. గడ్డ ఏదైనా సరే, ముఖ్యంగా ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడే మనిషిదైతే, తీసిన ముక్కని రెండు చేయాలి. ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి, రెండోది మామూలు స్టెరైల్ సెలైన్‌లో మైక్రోబయాలజీకి. ఆపరేషన్ థియేటర్లో ఒక్క నిమిషం పని ఇది. నా సర్వీసులో ఎక్కువసార్లు బతిమాలింది దీనికోసమే.

ఆ నిమిషం పని జరగనప్పుడు ఏమవుతుందో కూడా చూశాను. కడియం వైపు నర్సరీలో మొక్కలు అంటుకట్టే ఆవిడ. మోకాళ్ల నొప్పులకి ఏళ్ల తరబడి ఎవరో ఇచ్చిన పొట్లాల బిళ్లలు మింగింది. ఆ పొట్లాల్లో స్టెరాయిడ్ ఉందని ఆవిడకి తెలియదు. మణికట్టు మీద గడ్డ లేస్తే ఒక ఆస్పత్రిలో ముక్క తీసి మొత్తం ఫార్మలిన్‌లో వేశారు. రిపోర్టులో గ్రాన్యులోమా అని వచ్చింది. మన దేశంలో గ్రాన్యులోమా అనగానే టీబీ అనుకోవడం అలవాటు. టీబీ మందులు ఎనిమిది నెలలు వాడారు. గడ్డ ఒకటి మూడయ్యాయి. మా దగ్గరికి వచ్చాక సిరంజితో కాస్త చీము లాగి కేఓహెచ్ చూస్తే అవే గోధుమ పోగులు. ఆవిడ ఎనిమిది నెలల కూలి, ఆ మందులతో పడ్డ వాంతులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు మెలిపెడుతుంది. గ్రాన్యులోమా అంటే ఒంట్లోని కణాలు ఏదో ఒక మొండి శత్రువు చుట్టూ కట్టిన కోట. లోపల ఉన్నది టీబీ కావచ్చు, ఫంగస్ కావచ్చు, పుల్ల ముక్కే కావచ్చు.

మీ నాన్నగారి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ రక్తంలో టాక్రోలిమస్‌ని బాగా పడగొడుతుంది. అంటే, లేని టీబీకి మందు వాడితే ఉన్న కిడ్నీని ఒళ్లు తిరస్కరించే ప్రమాదం ఉంది. ఎవరైనా "చూద్దాం, టీబీ మందు మొదలుపెడదాం" అంటే నెఫ్రాలజిస్టుకి ఫోన్ చేయకుండా ఒప్పుకోకండి.

ఇక వైద్యం. ఇలాంటి ఒక్కటే ఉన్న గడ్డకి మొదటి వైద్యం సర్జరీయే, మందు దానికి తోడు. అయితే మీ ఊళ్లో చేసినట్టు గాటు పెట్టి చీము పిండడం సర్జరీ కాదు. సంచి లోపలే ఉండిపోతుంది, పిండేటప్పుడు చీము చుట్టూ చింది కొత్తచోట్ల మొలుస్తుంది. నెలన్నరకి తిరిగి రావడంలో ఆశ్చర్యం లేదు. సంచి పగలకుండా మొత్తంగా తీసేయాలి. దానికి ముందు అది ఎముక దాకా, కండర పొరల దాకా పోయిందేమో చూడ్డానికి ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్ఐ తీయిస్తారు. సంచి అంచు ఎక్కడో సర్జన్‌కి ముందే తెలియాలి.

ఫ్లూకోనజోల్ గురించి. నోటి పూత లాంటి క్యాండిడా జబ్బులకి, క్రిప్టోకాకస్ అనే ఇంకో ఫంగస్‌కి అది మంచి మందు. గోధుమ పోగుల మీద మాత్రం దాని ప్రభావం అంతంతమాత్రం. పైగా అది రక్తంలో టాక్రోలిమస్ స్థాయిని పెంచుతుంది. ప్రయోజనం లేకుండా ప్రమాదం ఒక్కటే మిగులుతుంది. రేపే నెఫ్రాలజిస్టుకి ఈ మందు మొదలైన సంగతి చెప్పి టాక్రోలిమస్ లెవెల్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చేయించండి. లెవెల్‌కి రక్తం ఇచ్చేది పొద్దున్న మోతాదు వేసుకోక ముందు అని మర్చిపోకండి.

నల్ల బూజులకి సాధారణంగా వాడేవి ఇట్రాకోనజోల్ లేదా వోరికోనజోల్, కొన్నిచోట్ల పోసకోనజోల్. వారాల్లో అయ్యేది కాదు, మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఏ మందైనా టాక్రోలిమస్‌తో గొడవ తప్పదు. టాక్రోలిమస్‌ని లివర్‌లో విరిచేది ఒక ఎంజైము. ఫంగస్ మందు ఆ ఎంజైముని కట్టేస్తే టాక్రోలిమస్ రక్తంలో పేరుకుపోతుంది. చేతులు వణకడం, సుగర్ పెరగడం, క్రియాటినిన్ పైకి పోవడం దాని గుర్తులు. అందుకే ఫంగస్ మందు మొదలుపెట్టేటప్పుడే టాక్రోలిమస్‌ని డాక్టర్లు సగానికో మూడో వంతుకో తగ్గించి, వారం వారం లెవెల్ చూస్తారు. చాలామంది మర్చిపోయేది రెండో చివర. ఆరు నెలల తర్వాత ఫంగస్ మందు ఆపిన రోజున టాక్రోలిమస్‌ని మళ్లీ పెంచుకుంటూ రావాలి. లేకపోతే లెవెల్ పడిపోయి, బూజు తగ్గిందని సంబరపడే వేళకి కిడ్నీ దెబ్బతింటుంది. క్యాలెండర్ మీద ఆ తేదీ ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ రాస్తే ఇంకో మూడు మాటలు. అది కడుపు నిండా తిన్నాకే, కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడుతుంది. ప్రెడ్నిసోలోన్ వాడేవాళ్లకి దాదాపు అందరికీ పొద్దున్నే పాంటాప్రజోల్ రాస్తారు, అది ఆ ఆమ్లాన్నే ఆపేస్తుంది. మందు మింగుతూనే ఉంటారు, రక్తంలో ఉండదు. డాక్టర్‌కి పాంటాప్రజోల్ వాడుతున్నట్టు చెప్తే సర్దుబాటు చేస్తారు. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ లాంటివి వాడుతుంటే అదీ చెప్పాలి, రెండూ కలిస్తే కండరాలు దెబ్బతినవచ్చు. గుండె బలహీనంగా ఉండి కాళ్ల వాపులు వచ్చేవాళ్లకి ఇట్రాకోనజోల్ మంచిది కాదు. వోరికోనజోల్ రాస్తే మొదట్లో కళ్ల ముందు రంగులు మెరిసినట్టు అనిపించవచ్చు, భయపడక్కర్లేదు. కానీ ఎండలో చర్మం మాడిపోతుంది. తోటలో తిరిగే మనిషికి అది చిన్న విషయం కాదు. నిండు చేతుల చొక్కా, టోపీ తప్పవు. ఏది వాడినా లివర్ పరీక్షలు నెలనెలా చేయించాలి.

ఇందాక ఒక మాట తర్వాత చెప్తానన్నాను. నల్ల బూజుల్లో అన్నీ పాదం దగ్గరే ఆగవు. క్లాడోఫియాలోఫోరా బాంటియానా అనే ఒక రకం మెదడులో గడ్డ కట్టిస్తుంది. అరుదే, కానీ ప్రపంచంలో నమోదైన కేసుల్లో చాలా కేసులు మన దేశం నుంచి వచ్చినవే, ఇమ్యూనిటీ బాగున్నవాళ్లలో కూడా. నాన్నగారికి అలాంటిది ఉందని కాదు. కొత్తగా విడవని తలనొప్పి, ఫిట్స్, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం లాంటివి వస్తే పాదం గడ్డతో దానికి సంబంధం లేదనుకోకుండా అదే రోజు స్కాన్‌కి తీసుకెళ్లండి.

మీ ప్రశ్న చదివే మిగతావాళ్ల ఇళ్లలో కూడా ఇలాంటి మందులు వాడేవాళ్లు ఉండి ఉంటారు. వాళ్ల కోసం నాలుగు మాటలు. బలహీనత ఎక్కడుందో దాన్ని బట్టి వచ్చే ఫంగస్ మారుతుంది. సుగర్ బాగా ఎక్కువ ఉండి, ముఖం ఒక పక్క వాచి, కన్ను ఉబ్బి, ముక్కు నుంచి నల్లటి చెక్కులు వస్తుంటే అది మ్యూకర్. ఆ రాత్రికి ఆ రాత్రే పెద్దాస్పత్రికి వెళ్లాలి. దాని మీద వోరికోనజోల్ పనిచేయదు, యాంఫోటెరిసిన్ బి కావాలి, చచ్చిన కండని తీసేయాలి. క్యాన్సర్ కీమోలో తెల్లకణాలు పూర్తిగా పడిపోయినవాళ్లకి ఆస్పర్జిల్లస్, ఫ్యుజేరియం అనే ఫంగస్‌ల భయం. రావులపాలెం అరటి రైతులకి పనామా తెగులు బాగా తెలుసు కదా, ఆ తెగులు తెచ్చే ఫ్యుజేరియంకి బంధువులే ఇవి. కీమో రోగిలో ఒక్కోసారి పుచ్చిన కాలిగోరు దగ్గర మొదలై రక్తంలోకి ఎక్కుతాయి. యాంటీబయాటిక్కి తగ్గని జ్వరం, ఒంటి మీద నడుమ నల్లబడిన ఎర్ర మచ్చలు వాటి గుర్తులు. కీమో మొదలయ్యే ముందే గోళ్లు, కాలి వేళ్ల సందులు డాక్టర్‌కి చూపించుకోవాలి.

హెచ్ఐవీతో సీడీ4 (ఇమ్యూనిటీ తెల్లకణాల లెక్క) వంద కంటే పడిపోయినవాళ్లకి వారాల తరబడి తలనొప్పి ఉంటే క్రిప్టోకాకస్ యాంటిజెన్ పరీక్ష అడగండి. వేలి చుక్క నెత్తుటితో కూడా తేలిపోయే పరీక్ష అది. పావురాల రెట్టలున్న మట్టిలో ఈ ఫంగస్ బాగా పెరుగుతుంది. హిస్టోప్లాస్మా అనేది ఇంకొకటి, పక్షుల రెట్టలూ గబ్బిలాల రెట్టలూ కలిసిన మట్టిలో ఉంటుంది. దాన్ని కూడా టీబీ అనుకుని పొరబడతారు. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు కోళ్ల షెడ్డు ఊడవడం, తోటకి కోళ్ల ఎరువు జల్లడం, గబ్బిలాలు పట్టిన పాత రైసుమిల్లు శుభ్రం చేయడం మరొకరికి అప్పగించాలి. ఇది మడి కట్టుకుని కూర్చోమనడం కాదు, ఆ దుమ్ములో ఉండకపోతే చాలు.

కోతల రోజుల్లో కంట్లో వరి ఆకో, గడ్డిపోచో కొట్టుకుని ఎర్రబడటం మన దగ్గర మామూలు. ఇమ్యూనిటీ బాగున్నవాళ్లకి కూడా దాంతో కంటి నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు వస్తుంది. మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకుంటే రెండు రోజులు హాయిగా ఉండి, తర్వాత చూపు పోతుంది. ఇది వేరే పెద్ద కథ, ఇక్కడికి ఆపుతాను.

ఈ జబ్బుల్ని ప్రపంచమే ఆలస్యంగా పట్టించుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా అంటూ మొదటిసారి వేసింది 2022 అక్టోబరులో, అందులో 19 పేర్లు. మదురై పేరు మీద మదురా ఫుట్ అని పిలిచే మైసెటోమా కూడా ముల్లు గుచ్చుకున్న పాదానికి వచ్చేదే. దాన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది 2016లో. పొలంలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల జబ్బులు కదా. నాన్నగారి పాదం మీద గడ్డలోంచి ఎప్పుడైనా చీముతో పాటు ఆవగింజల్లాంటి రవ్వలు పడితే మీరు చూసి డాక్టర్‌కి చెప్పండి, అప్పుడు ఆలోచన మదురా ఫుట్ వైపు మారుతుంది. ఆ రవ్వల్ని పారేయకుండా తడి గాజుగుడ్డలో పెట్టి తీసుకెళ్లండి.

తోటకి వెళ్లొద్దంటే నాన్నగారు వింటారని నేననుకోను. నలభై ఏళ్లు చెట్టు మొదట్లో కూర్చున్న మనిషిని వరండాలో కుర్చీకి కట్టేయడం సరికాదు కూడా. గాయం పూర్తిగా మానేదాకా తోటకి వద్దనండి. ఆ తర్వాత మడమ మూసే రబ్బరు బూట్లు, మందపాటి గ్లౌజులు ఉంటే చాలు. దింపు రోజున పక్కనుండి లెక్క చూసుకోవచ్చు, మట్టలు ఈడ్వడం, డొక్కలు ఒలవడం, ఈనెలు గీయడం మాత్రం వద్దు. కాలువ రేవులోకీ చేపల చెరువులోకీ వట్టి కాళ్లతో దిగొద్దు. వరదనీరు తోటలోకి వచ్చిన ఏడాది ఇంకా జాగ్రత్త, ఒండ్రులో ఏ పుల్ల ఎక్కడుందో కంటికి కనపడదు. రాత్రి పడుకునే ముందు మీరో, అమ్మగారో టార్చి వేసి రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూడండి. సుగర్ ఉన్నవాళ్లకి గుచ్చుకున్నది తెలియకపోవచ్చు. పుల్ల కనిపిస్తే పిన్నీసుతో కెలకకుండా డాక్టర్ దగ్గరే తీయించండి. గజ్జల్లో, మడతల్లో తామర వచ్చినా షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము రాయొద్దు. మచ్చ మాయమైనట్టు కనిపించి అడుగున పాకుతుంది.

ఇక మీరు వెంటనే చేయాల్సింది. పాథాలజీ ల్యాబ్‌లో నాన్నగారి ముక్కని మైనంలో పోసిన దిమ్మ ఉంటుంది, పారాఫిన్ బ్లాక్ అంటారు. వాళ్లు దాన్ని వెంటనే పారేయరు, అది మీరు అడిగి తీసుకోవచ్చు. బ్లాకూ, స్లైడులూ రసీదు రాసి తెచ్చుకోండి. దాని నుంచి మళ్లీ సన్నటి పొర తీసి ఫాంటానా మాసన్ అనే రంగు వేస్తే మెలనిన్ ఉందో లేదో తేలుతుంది. కొన్ని పెద్ద ల్యాబుల్లో ఫంగస్ జన్యువుని వెతికే పీసీఆర్‌ పరీక్షతో పేరు కూడా రాబట్టే ప్రయత్నం చేస్తారు, ఫార్మలిన్ ముక్కలో అన్నిసార్లూ ఫలించదు గానీ అడగడంలో తప్పులేదు.

గడ్డ తిరిగి లేచిందన్నారు కాబట్టి ఎలాగూ ఆపరేషన్ ఉంటుంది. కల్చర్‌కి ఇంకో అవకాశం దొరికినట్టే. వీలైతే మార్పిడి చేసిన ఆస్పత్రిలోనే, లేదా మైక్రోబయాలజీ విభాగం ఉన్న మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో చేయించండి. మీకు దగ్గర్లో కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ ఉంది. ముందు రోజే సర్జన్ గారితో మర్యాదగా చెప్పండి: "సార్, సగం ముక్క సెలైన్‌లో కల్చర్‌కి కూడా పంపిస్తారా?" అని. ఎవరూ కాదనరు, పనిలో పడి మర్చిపోతారంతే. మీరే స్టెరైల్ డబ్బా ఒకటి అడిగి థియేటర్ సిస్టర్ గారి చేతికివ్వండి. కాగితం మీద "కల్చర్" అని ఒక్క మాట రాస్తే ల్యాబ్‌లో బాక్టీరియాకి వేసి మూడో రోజుకి పారేస్తారు. "కేఓహెచ్, ఫంగల్ కల్చర్, నాలుగు వారాలు ఉంచాలి, కిడ్నీ మార్పిడి రోగి, కొబ్బరి తోట పని" అని పూర్తిగా రాయించండి. డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టనివ్వకండి. మీ తమ్ముణ్ణి గేటు దగ్గర ఉంచి, అది థియేటర్ నుంచి రాగానే నేరుగా ల్యాబ్ కిటికీలో ఇప్పించి, నంబరు రాసుకోమనండి. నాలుగో రోజున ఏమీ మొలవలేదంటే కంగారు పడకండి. ఎనిమిదో రోజున ఒకసారి, మూడో వారంలో ఒకసారి ఫోన్ చేయండి.